మందు పోయిందా, విషం పోయిందా?

(తృతీయ సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థి)

పైరుమీద కొట్టిన పురుగుమందు ఎన్నాళ్ళుంటుంది? మా ఊళ్ళో ఈ ప్రశ్న ఎవర్నడిగినా మూడు జవాబుల్లో ఏదో ఒకటి వస్తుంది. "వాసన పోతే మందు పోయినట్టే" అంటారు పెద్దవాళ్ళు. "ఒక్క వాన పడనీ, అంతా కడుక్కుపోతుంది" అంటారు మరికొందరు. "కాయ నిగనిగలాడుతోందిగా, ఇంకేం కావాలి" అంటాడు సంతలో కొనేవాడు. నాలుగో జవాబు కూడా ఒకటుంది. అది మందు సీసాతోపాటు వచ్చే మడత కాగితంలో, చీమ తలకాయంత అక్షరాల్లో అచ్చయి ఉంటుంది. దాన్ని చదివేవాళ్ళు తక్కువ. ఆ నాలుగో జవాబు వెనక ఉన్న శాస్త్రమేమిటో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నేను రైతుబిడ్డని. పల్నాటి నల్లరేగడిలో మా నాన్న మిరప, పత్తి వేస్తాడు. బోరుకింద అరెకరంలో బెండ, వంగ వేస్తాడు. కనుక పురుగుమందులే వద్దని ఉపన్యాసం చెప్పే ధైర్యం నాకు లేదు. 2021లో నల్ల తామరపురుగు దిగి గుంటూరు, ఖమ్మం ప్రాంతాల మిరపతోటల్ని పూతమీదే మాడ్చేసినప్పుడు పంపు భుజానికి తగిలించుకోవడం తప్ప చాలామంది రైతులకి మరో దారి తోచలేదు. పెట్టిన అప్పు కళ్ళముందే రాలిపోతుంటే నీతులు ఎవరికీ రుచించవు. నేను చెప్పదలచుకున్నది ఇంతే: మందు కనబడకుండా పోవడం వేరు, మందు విరిగిపోవడం వేరు, దాని విషం తీరిపోవడం వేరు. ఈ మూడూ ఒకటే అనుకున్నంతకాలం కొట్టేవాడికీ, తినేవాడికీ ఇద్దరికీ నష్టమే.

అవశేషం అంటే ఏమిటి?

పంటమీద చల్లిన మందు తన పని అయిపోయాక కూడా ఆకులోనో, కాయలోనో, నేలలోనో మిగిలి ఉంటే దాన్ని అవశేషం అంటారు. మొదటి మందే మిగలనక్కర్లేదు. అది విరిగి తయారైన కొత్త పదార్థం విషమైతే అదికూడా అవశేషం లెక్కలోకే వస్తుంది. దీన్ని పి.పి.ఎం.లలో, అంటే పదిలక్షల పాళ్ళలో ఎన్ని పాళ్ళు అని కొలుస్తారు. కిలోకి ఒక మిల్లీగ్రాము ఉంటే ఒక పి.పి.ఎం. మన భాషలో చెప్పాలంటే పది క్వింటాళ్ళ మిరపకాయల్లో ఒక్క గ్రాము మందు. ఐరోపా యూనియన్ దేశాల్లో, ప్రత్యేకంగా పరిమితి ఏదీ పెట్టని మందు 0.01 పి.పి.ఎం. మించకూడదు. అంటే వెయ్యి క్వింటాళ్ళలో ఒక్క గ్రాము!

ఇంత కొంచెం ఎలా కొలుస్తారని అనుమానం రావచ్చు. 1957లో జేమ్స్ లవ్‌లాక్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు ఎలక్ట్రాన్ కాప్చర్ డిటెక్టర్ అనే చిన్న పరికరం తయారుచేశాడు. క్లోరిన్ ఉన్న అణువులు ఎలక్ట్రాన్లని ఇట్టే పట్టేసుకుంటాయి. ఆ గుణమే దానికి ఆధారం. దాన్ని గ్యాస్ క్రొమటోగ్రాఫుకి తగిలించిన తరవాతే డి.డి.టి. లాంటి మందులు ఎక్కడెక్కడ చేరాయో లోకానికి తెలిసివచ్చింది. 2003లో 'క్వెచర్స్' అనే పద్ధతి వచ్చింది. కాయని మెత్తగా నూరి, ఎసిటోనైట్రైల్ పోసి, ఉప్పు లవణాలు వేసి కుదిపి, పైకి తేరిన ద్రవాన్ని శుద్ధిచేసి మాస్ స్పెక్ట్రోమీటరుకి ఎక్కిస్తారు. ఒక్క నమూనాలోనే వందల మందుల్ని వెతకవచ్చు. ఇక దాచడానికి చోటు లేదన్నమాట.

ఈ విషయంలో మన దేశం పెద్ద మూల్యమే చెల్లించింది. 1958లో కేరళలో పారాథియాన్ కలిసిన గోధుమపిండి తిని వందమందికి పైగా చనిపోయారు. ఆ ఘోరం తరవాత మొదలైన విచారణలు, చర్చల ఫలితంగా 1968లో క్రిమిసంహారకాల చట్టం వచ్చింది.

సగం, సగంలో సగం

మన ల్యాబులో మిథైల్ ఎసిటేట్‌ని ఆమ్లంతో జలవిశ్లేషణ చేయించి, కొన్ని నిమిషాలకోసారి టైట్రేషన్ చేసి, లాగరిథమ్ గ్రాఫు గీస్తాం గదా. ఆ గ్రాఫులో వచ్చే సరళరేఖే సుమారుగా మా బెండతోటలోనూ ఉంది! చాలా మందులు ప్రథమక్రమ చర్యలాగే తగ్గుతాయి. ఉన్నదానిలో సగం పోవడానికి పట్టే కాలాన్ని అర్ధాయువు అంటారు.

ఒక లెక్క చూద్దాం. మందు కొట్టిన రోజున కాయమీద 4 పి.పి.ఎం. ఉందనుకోండి. అర్ధాయువు 3 రోజులు. మూడో రోజుకి 2, ఆరో రోజుకి 1, తొమ్మిదో రోజుకి 0.5 అవుతుంది. చట్టం ఒప్పుకునే పరిమితి 0.5 అయితే కోతకి తొమ్మిది రోజులు ఆగాలి. ఇలా ఆగవలసిన కాలాన్నే నిరీక్షణ కాలం అంటారు. మా డీలర్లు 'వెయిటింగ్ పీరియడ్' అంటారు. సీసా కాగితంలో అచ్చయి ఉండే నాలుగో జవాబు ఇదే.

ఇప్పుడు అదే మందు మూడు రోజులకోసారి వరసగా కొడితే? మొదటిసారి కొట్టగానే 4. మూడో రోజుకి మిగిలిన 2కి కొత్త 4 కలిసి 6. తరవాత 3కి 4 కలిసి 7. ఆ తరవాత 7.5. ఇలా 8కి దగ్గరవుతూ పోతుంది. అక్కణ్ణించి 0.5కి దిగాలంటే తొమ్మిది కాదు, దాదాపు పన్నెండు రోజులు పడుతుంది. ప్రతి స్ప్రే సున్నా దగ్గర మొదలు కాదు, పాత బాకీమీద కొత్త బాకీ రాసినట్టే. వడ్డీలెక్క తెలిసిన రైతుకి ఇది చెప్పడం కష్టంకాదు.

పరిమితి అంటే ఇవతల అమృతం, అవతల విషం అని గీసిన గీత కాదు. సరైన మోతాదులో, సరైన వ్యవధిలో వాడితే పంటలో ఎంత మిగులుతుందో క్షేత్ర ప్రయోగాల్లో తేల్చి, మనిషి జీవితాంతం రోజూ తిన్నా హాని ఉండని మోతాదుతో దాన్ని సరిచూసి పెట్టే హద్దు అది. హద్దు దాటిందంటే చేలో ఎక్కడో పద్ధతి తప్పిందని గుర్తు.

మందును విరగ్గొట్టే నాలుగు చేతులు

మొదటిది ఎండ. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు రసాయన బంధాల్ని తెంచగలవు. దీన్ని కాంతివిశ్లేషణ అంటారు. దీనికి చక్కటి ఉదాహరణ ఇమిడాక్లోప్రిడ్. తేట నీళ్ళలో ఎండ తగిలితే కొద్ది గంటల్లోనే అది సగానికి పడిపోతుంది. అదే మందు విత్తనానికి పట్టించి నేలలో వేస్తే, ఎండ తగలని చీకట్లో నెలల తరబడి ఉండిపోతుంది. మందు అదే, చోటు వేరు.

రెండోది నీరు. మలాథియాన్ వంటి ఆర్గానోఫాస్ఫరస్ మందులు నీళ్ళతో చర్యపొంది ముక్కలవుతాయి. క్షారగుణం ఎక్కువైన కొద్దీ ఇది త్వరపడుతుంది. అందుకే ఉప్పునీళ్ళ బోరు ఉన్నవాళ్ళు డ్రమ్ములో మందు కలిపి పూటల తరబడి ఉంచితే, పురుగుని చేరకముందే కొంత మందు డ్రమ్ములోనే చచ్చిపోతుంది. వాన సంగతి వేరు. అది పైపై మందుని కడిగేస్తుంది గాని విరగ్గొట్టదు. ఆకుమీదిది నేలమీదికి, నేలమీదిది వాగులోకి పోతుంది, అంతే.

మూడోది మొక్క. మొక్క లోపలికి వెళ్ళిన మందుని ఎంజైములు ముందు ఆక్సీకరణం చేస్తాయి, లేదా జలవిశ్లేషణ చేస్తాయి. తరవాత ఆ ముక్కకి గ్లూకోజునో, గ్లూటాథయోన్‌నో తగిలించి నీళ్ళలో కరిగేటట్టు చేస్తాయి. ఇంతవరకు మన కాలేయం చేసే పనిలాంటిదే. అయితే మనకి మూత్రపిండాలున్నాయి, మొక్కకి లేవు. బయటికి పారబోసే దారి లేక ఆ చెత్తని కణంలోని రిక్తికలోనో, కణకవచంలోనో దాచుకుంటుంది. కాయ పెరగడం వల్ల కూడా లెక్క మారుతుంది. పిందెమీద పడ్డ మందు కాయ పది రెట్లు పెరిగేసరికి కిలో లెక్కన పదోవంతు అవుతుంది. ఇది పలచబడటమేగాని పోవడం కాదు.

నాలుగోది నేలలోని సూక్ష్మజీవులు. వీటి కథ కొంచెం విస్తరంగా చెప్పుకోవాలి.

మడిలో దొరికిన మేలు

ఫిలిప్పైన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో కె. రఘు, మెక్‌రే అనే శాస్త్రజ్ఞులు 1966లో ఒక సంగతి ప్రకటించారు. గామా బి.హెచ్.సి. నీళ్ళు నిలిచిన వరి నేలల్లో సూక్ష్మజీవుల వల్ల త్వరగా విచ్ఛిన్నమవుతుందని. గాలి ఆడని బురదలో బతికే జీవులు క్లోరిన్‌ని ఊడబెరుకుతాయన్నమాట. ఆరుతడి నేలలో మొండికేసే మందు వరిమడిలో మెత్తబడింది.

తరవాత అదే సంస్థలో ఎన్. సేతునాథన్ అనే మన దేశపు శాస్త్రజ్ఞుడు మరో వింత గమనించాడు. డయజినాన్ అనే మందు మళ్ళీమళ్ళీ వేసిన మళ్ళలో అది మునుపటికంటె త్వరగా మాయమైపోతోంది. ఆ మడినీళ్ళలోంచి డయజినాన్‌నీ, పారాథియాన్‌నీ విరగ్గొట్టే ఒక ఫ్లావోబాక్టీరియాన్ని ఆయన, యోషిదా కలిసి వేరుచేసి 1973లో ప్రకటించారు. ఆ పని చేయించే జన్యువుకి తరవాత 'ఓ.పి.డి.' అని పేరొచ్చింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో కూడా ఆ జన్యువుమీద పరిశోధనలు జరిగాయి. విషాన్ని ఆహారంగా మార్చుకునే విద్య మన కాళ్ళకింది బురదకే తెలుసునన్నమాట!

అయితే దీంట్లో ఒక మెలిక ఉంది. సూక్ష్మజీవులకి ఒక మందు బాగా అలవాటైతే, అది పురుగుని చంపకముందే మాయమవుతుంది. అప్పుడు రైతు "మందు పనిచెయ్యట్లేదు" అని మోతాదు పెంచుతాడు. ఒకే మందు ఏళ్ళ తరబడి వాడటం పురుగుకే కాదు, నేలకీ పాఠం చెప్పినట్టే.

మరో మెలిక నేల స్వభావం. బంకమన్ను, సేంద్రియ పదార్థం మందు అణువుల్ని పట్టి ఉంచుతాయి. దీన్నే అధిశోషణ అంటాం. పట్టుబడ్డ మందు బావినీళ్ళలోకి అంత సులువుగా దిగదు, మంచిదే. కాని సూక్ష్మజీవికి కూడా అందదు. అందుచేత నల్లరేగడిలోనూ, ఇసుకనేలలోనూ ఒకే మందుకి ఒకే అర్ధాయువు ఉండదు.

పోవడం వేరు, విషం తీరడం వేరు

ఇక అసలు విషయానికి వస్తాను. డి.డి.టి.ని 1874లోనే తయారుచేశారు. అది పురుగుల్ని చంపుతుందని 1939లో పాల్ ముల్లర్ కనిపెట్టాడు. 1948లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది. మలేరియా దోమమీద అది చేసిన మేలు కాదనలేం. కాని నేలలో దాని అర్ధాయువు 2 నుంచి 15 ఏళ్ళని చెబుతారు. మన దేశంలో వ్యవసాయానికి దాన్ని 1989లో నిషేధించారు. అర్ధాయువు పదేళ్ళనుకుంటే, ముప్ఫై ఏళ్ళ తరవాత కూడా ఎనిమిదోవంతు మిగులుతుంది. మన ఎండలకి అది నేలలోంచి త్వరగానే తగ్గుతుంది, నిజమే. కాని అందులో చాలా భాగం విరిగిపోవడం కాదు, ఆవిరై గాలిలోకి లేచిపోవడం. అలా లేచి, చల్లటి ప్రాంతాలకి చేరి అక్కడ దిగుతుంది. ఏ పంటా పండని ఉత్తర ధ్రువ ప్రాంతపు జంతువుల కొవ్వులో డి.డి.టి. కనబడటానికి కారణమిదే. విరిగినదైనా పూర్తిగా విరగదు. డి.డి.ఇ. అనే దాని బిడ్డ తల్లికంటె మొండిది.

కొన్ని మందులు విరిగేటప్పుడు ఇంకా విషమవుతాయి. ఆల్డ్రిన్ నేలలో డీల్డ్రిన్‌గా మారి ఏళ్ళ తరబడి నిలుస్తుంది. పారాథియాన్‌లో గంధకం పోయి ఆక్సిజన్ చేరితే పారాక్సాన్ అవుతుంది. నరాలమీద అసలు దెబ్బ కొట్టేది అదే. డైమిథోయేట్ మొక్కలో ఒమిథోయేట్ అవుతుంది, అది తల్లికంటె ఘాటైనది. పత్తిలో, వరిలో వాడే ఎసిఫేట్‌లో కొంత భాగం మెథమిడోఫాస్‌గా మారుతుంది. ఎండోసల్ఫాన్ ఆక్సీకరణం చెంది ఎండోసల్ఫాన్ సల్ఫేట్ అవుతుంది. దాని విషం తల్లికి తీసిపోదు, నేలలో ఉండే కాలం ఇంకా ఎక్కువ. కేరళలోని కాసర్‌గోడ్ జీడిమామిడి తోటలమీద ఏళ్ళ తరబడి హెలికాప్టర్లతో చల్లిన మందు ఇదే. అక్కడి ప్రజల బాధలు దేశమంతా విన్నాక 2011 మే 13న సుప్రీంకోర్టు దాన్ని ఆపింది.

కాబట్టి పరీక్షలో "మందు లేదు" అని వస్తే సరిపోదు. దాని బిడ్డల్ని కూడా వెతికారా అని అడగాలి.

బెండకి 3 రోజులు, మిరపకి 40

కేంద్ర క్రిమిసంహారకాల బోర్డు ఆమోదించిన వివరాల్లో ఇమిడాక్లోప్రిడ్ 17.8 శాతం మందుకి బెండలో నిరీక్షణ కాలం 3 రోజులు, మిరపలో 40 రోజులు. ఒకే సీసా, ఒకే మందు, పంట మారితే అంకె మారింది. "బెండకి మూడు రోజులే గదా" అని మిరపలో మూడో రోజున కోస్తే ఎంత తేడా వస్తుందో చూడండి.

మిరపకి ఇంకో చిక్కుంది, ఎండబెట్టడం. నాలుగు కిలోల పండుకాయ కల్లంలో ఎండి సుమారు కిలో అవుతుంది. నీరు ఆవిరైపోతుంది, మందు అంత తేలిగ్గా పోదు. పండుకాయలో 0.5 పి.పి.ఎం. ఉన్నది, ఏమీ విరగకపోతే, ఎండుకాయలో 2 పి.పి.ఎం. అవుతుంది. మా పెదనాన్న ఒక ఏడు శీతల గిడ్డంగిలో పెట్టిన మిరపని ఎగుమతి వ్యాపారి ఒకాయన అవశేషం ఎక్కువుందని తిరగ్గొట్టాడు. ఏ మందు ఎక్కువైందో, ఎంత ఎక్కువైందో కాగితంమీద ఇవ్వలేదు. ధర మాత్రం తగ్గించారు. ఏది తప్పో చెప్పకుండా శిక్ష వేస్తే వచ్చే ఏడు రైతు దేన్ని దిద్దుకోవాలి? పరీక్ష ఫలితం కొనేవాడికి ఎంత అవసరమో, పండించినవాడికీ అంతే అవసరం.

కోతకీ, మందుకీ మధ్య

బెండకాయ రెండు మూడు రోజులు కోయకపోతే పీచుకట్టి ముదిరిపోతుంది. ముదిరిన కాయ ఎవరూ కొనరు. పురుగు మాత్రం కోతల్ని చూసి రాదు. ఎమామెక్టిన్ బెంజోయేట్‌కి బెండలో 5 రోజులు ఆగమంటుంది లేబులు. మూడో రోజున సంతకి పోవాలంటుంది ఇంటి అవసరం. ఈ రెండింటి మధ్య నలిగేది మా నాన్నలాంటివాళ్ళు. మా వైపు చాలా ఇళ్ళల్లో ఇంటి వాడకానికని రెండు సాళ్ళు మందు కొట్టకుండా వదిలేస్తారు. పట్నంవాళ్ళు వింటే మోసం అంటారు. నేను మాత్రం దాన్నించి ఒకటి గ్రహించాను. రైతుకి ఈ విషం సంగతి తెలియదనడం అబద్ధం. తెలుసు. తెలియనిది లెక్క, లేనిది ఆగే వీలు.

లెక్క తెలిస్తే వీలు కొంత చేసుకోవచ్చు. మందు కోతకి ముందు రోజు కాక, కోత అయిన సాయంత్రం కొడితే మధ్యలో ఉన్న రోజులన్నీ మనకి కలిసివస్తాయి. కోతలు మొదలు కాకముందు అంతర్వాహిక మందులు, కోతలు మొదలయ్యాక వేపనూనె, బి.టి. బాక్టీరియా మందు, నిరీక్షణ కాలం తక్కువున్నవి వాడుకోవచ్చు. లింగాకర్షక బుట్టలు పెట్టి, పుచ్చుకాయలు ఏరి పారేస్తే ఒకటి రెండు స్ప్రేలు మిగులుతాయి. కూరగాయల మీద మోనోక్రోటోఫాస్ వాడకాన్ని ప్రభుత్వం 2005లోనే నిషేధించింది. "పాత మందు, బాగా పనిచేస్తుంది" అని ఎవరు చెప్పినా వినకూడదు.

తినేవాళ్ళకి రెండు మాటలు. ఉప్పునీళ్ళలో కాసేపు నానబెట్టి, మళ్ళీ మంచినీళ్ళతో రుద్ది కడిగితే పైపై మందు కొంత పోతుంది. తొక్క తీస్తే ఇంకా పోతుంది. కాని అంతర్వాహిక మందు కాయ కండలో ఉంటుంది, దానికి కడగడం మందు కాదు. దానికి మందు చేలో ఆగిన రోజులే. అందుకే వంటింట్లో ఎంత కడిగినా, తోటలో జరగవలసిన పని తోటలోనే జరగాలి.

ఈ సంచిక చదివే మిత్రుల్లో చాలామంది నాలాగే పల్లెల్నించి వచ్చినవాళ్ళు. మనం నేర్చుకున్న ప్రథమక్రమ చర్య, అర్ధాయువు పరీక్ష కాగితంతోనే ఆగిపోనక్కర్లేదు. ఈసారి సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు మందు సీసాతో వచ్చిన మడత కాగితం విప్పి, మీ పంట పేరుకి ఎదురుగా ఉన్న రోజుల అంకె పెద్దగా చదివి వినిపించండి. ఉపన్యాసం అక్కర్లేదు. ఆ అంకె తెలిస్తే మందు ఎప్పుడు, కోత ఎప్పుడు అన్నది మన నాన్నలే తేల్చుకుంటారు. సేద్యం మనకంటె వాళ్ళకే బాగా తెలుసు.